కియాంతి కొండలలో ఒక సోమవారము

నేను యాత్రాచరిత్రములు వ్రాయుదానను గాను. ఇంటి పద్దుల పుస్తకము తప్ప మఱియొకటి వ్రాసి యెఱుగను. అయినను ఇటలీదేశమున మేము గడపిన యొక దినమునుగూర్చి చెప్పినప్పుడు మా వీధిలోని యిల్లాండ్రు కొందఱు ముక్కుపై వ్రేలు వేసికొనిరి, కొందఱు నవ్విరి. ఒకామె మాత్రము నన్ను ప్రక్కకు పిలిచి, “నిజము చెప్పుము, రుచి చూచితివా?” అని మెల్లగా నడిగెను. ఆమెకు చెప్పినదే మీకును చెప్పుచున్నాను.

మేము నలుగురము. 1980వ సంవత్సర ప్రాంతమున వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చదువుకొను దినములలో వసతిగృహమున ఒకే గదిలో నుండినవారము. ఇప్పుడందఱమును అరువది దాటినవారమే. ఒకతె విశాఖలో బ్యాంకి యుద్యోగము చేసి విరమించినది. ఒకతె గుంటూరు వాస్తవ్యురాలు. ప్రభుత్వాసుపత్రిలో మందులిచ్చు విభాగమున పనిచేసినది. మూడవయామెది వరంగల్లు. ఆమె కూతురు ఫ్లారెన్సు నగరమున చదువుచుండుటచే, నలుగురము కలసి ఒక్కమాఱైన నెచ్చటికైన పోవలయునని ముప్పదియేండ్లుగా చెప్పుకొనుచున్న మాట 2023వ సంవత్సరము సెప్టెంబరు మాసమున నిజమయ్యెను.

ఫ్లారెన్సులో ఉఫీజీ యను ప్రసిద్ధ చిత్రశాల కలదు. దానికి సోమవారము సెలవు. ఆ సంగతి మాకు దాని వాకిటికి పోయిన పిదపగాని తెలియలేదు. అమ్మాయి చిన్నబోయెను. విశాఖ స్నేహితురాలు, “గదిలో గోడలు చూచుచు కూర్చుండుటకా యింత దూరము వచ్చితిమి?” అని మెట్లపైననే చతికిలబడెను. అంతట ఆ పిల్ల కొంచెమాలోచించి, “చిన్నమ్మా, నాతో చదువుకొను పిల్ల యొకతె కలదు. వాండ్లది కియాంతి కొండలలో ద్రాక్షతోట. ఇప్పుడు కోతల దినములు. ఎప్పుడైనను రమ్మని చెప్పినది. పోదమా?” అనెను. పావుగంటలో ఒక కారు అద్దెకు వచ్చెను. మేము మధ్యాహ్నమునకని సంచిలో పెట్టుకొన్న గోంగూర పచ్చడి సీసాతో సహా బయలుదేరితిమి. ఆ పచ్చడి మా యమ్మ పెట్టినది. ఎనుబదినాలుగేండ్ల వయస్సున గూడ ఆమె పచ్చడి యింకొకరి చేత పెట్టనీయదు.

ఊరు దాటిన పిదపగాని అక్కడ మేము చేయబోవు పనియేమో నాకు బోధపడలేదు. తోటకు పోయినవారికి అక్కడ తయారైన వైను వరుసగా రుచి చూపుట ఆ ప్రాంతపు మర్యాదయట. ఆ మాట వినగానే నా నోట తడి యారిపోయెను.

మా నాయనగారు బడిపంతులు. లెక్కలు చెప్పుటలో దిట్ట. సాయంకాలమగుసరికి సారాకొట్టు త్రోవ పట్టెడివారు. రాత్రి ఆయన వాకిట నడుగుపెట్టకమున్నే వాసన లోనికి వచ్చెడిది. అది రాగానే మా యమ్మ దీపము తగ్గించి నన్నును తమ్ముని వంటయింటిలోనికి పంపి తలుపు దగ్గఱకు వేసెడిది. మొదట ఆమె మెడలోని నానుతాడు పోయెను. పిదప ఇత్తడి గుండిగలు పోయెను. తుదకు నా పరీక్షరుసుముకొఱకు బియ్యపు డబ్బాలో దాచిన యిరువదిరెండు రూపాయలును పోయెను. నలుబదిరెండవ యేట ఆయన పోయిరి. పదునైదవ దినమున అమ్మ మాయిద్దఱచేతను దీపము ముట్టించి, ఆ వస్తువు నోటబెట్టమని యొట్టు వేయించుకొనెను. మా ప్రాంతమున కల్లు సారాలను ‘మందు’ అనుట వాడుక. అమ్మ మాత్రము ఆ మాటనెన్నడును ఆ యర్థమున వాడలేదు. మందనగా రోగమును పోగొట్టునదే యని ఆమె పట్టు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు సారాదుకాణము మూయించిన వార్త పత్రికలో చూచి, ఆ కాగితము కత్తిరించి భాగవతములో దాచుకొనెను. మఱుసటి సంవత్సరము అక్టోబరు 1వ తేదీన రాష్ట్రమంతట సారా నిషేధించిరి. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో దానిని ఎత్తివేసిరి. ఆ దినమున అమ్మ అన్నము తినలేదు.

ఇట్టి యింటి పిల్లను నేను కారులో కిటికీ ప్రక్కన ముడుచుకొని కూర్చుంటిని. స్నేహితురాండ్రకు ఈ సంగతి కొంత తెలియును, కొంత తెలియదు. వసతిగృహపు దినములలో తండ్రి యెట్లు పోయెనని యెవరైన నడిగినచో జ్వరమని చెప్పుచుంటిని.

ఫ్లారెన్సునకును సియెనా పట్టణమునకును నడుమనున్న కొండలే కియాంతి. త్రోవ పామువలె మెలికలు తిరిగి పోవును. ఒకవైపు ద్రాక్షవరుసలు, ఒకవైపు బూడిదవన్నె యాకుల ఆలివు చెట్లు, మిట్టలపై కావలి నిలిచినట్లు సరళముగా పెరిగిన సైప్రసు చెట్లు. ప్రతి తోట వాకిటను నల్ల కోడిపుంజు బొమ్మ కనబడుచుండుటచే అదియేమని యడిగితిమి. అమ్మాయి కథ చెప్పెను. పూర్వమీ రెండు పట్టణములకును సరిహద్దు తగవు కలదట. తెల్లవారుజామున కోడి కూయగానే ఇరువైపులనుండియు ఒక్కొక్క రౌతు బయలుదేరవలయును. ఇద్దఱును ఎచ్చట కలిసికొందురో అదియే పొలిమేర. సియెనా వారు తమ తెల్ల కోడిని మేపి పెంచిరి. ఫ్లారెన్సు వారు నల్ల కోడిని పస్తుంచిరి. ఆకలిగొన్న కోడికి నిద్రయెక్కడిది? తెల్లవారకమున్నే కూసెను. వారి రౌతు ముందుగా పోయి కియాంతి చాల భాగమును గెలిచికొని వచ్చెను. అది కథయే గాని, 1716లో మూడవ కోసిమో యను ప్రభువు ఈ ప్రాంతపు ఎల్లలు నిర్ణయించి శాసనము చేయుట మాత్రము చరిత్ర. నేటికిని ఆ కోడిబొమ్మ వేసికొను ‘కియాంతి క్లాసికో’ వైనులో ‘సాంజోవేసె’ యను నల్లద్రాక్ష నూటికెనుబది పాళ్లకు తక్కువ కాకుండ నుండవలయును.

పస్తుంచిన కోడి కథకు మా వాండ్రు నవ్విరి. నాకు పాపము ఆ కోడియే జ్ఞాపకముండిపోయినది.

మేము చేరునప్పటికి తోటలో పదిమంది గుత్తులు కోయుచుండిరి. నేల నిండ బెడ్డలు, రాళ్లు. మన వ్యవసాయదారులైనచో ఇది పనికిరాని భూమియని విడిచిపోదురు. గుత్తులు చిన్నవి, పండ్లు మన అంగళ్లలో దొరకు వానిలో సగముండవు. ఒకటి నోట వేసికొంటిని. తోలు మందము, గింజలెక్కువ, తీపి యపారము. మన లాక్షణికులు ద్రాక్షాపాకమని యేల పేరు పెట్టిరో ఆ యొక్క పండు చెప్పెను.

పిదప తొట్లున్న యింటిలోనికి పోయితిమి. నల్లద్రాక్షయైనను లోని రసమునకు రంగుండదట. తొక్కలతో గూడ నానవేయుటవలననే యెఱుపు దిగును. రసము పొంగునప్పుడు తొక్కలన్నియు పైకి తేలి మందమైన అట్ట కట్టును. దానిని దినమునకు కొన్నిమాఱులు క్రిందికి త్రొక్కుటయో, అడుగు రసమును తోడి పైన పోయుటయో చేయుదురు. పొంగు సమయమున పుట్టు బొగ్గుపులుసు గాలి ప్రాణాపాయకరమగుటచే తలుపులు బార్లా తెఱచియుంచిరి. ఆ గదిలో వాసన దట్టముగా నుండెను. నేను గడపలోనే నిలిచిపోతిని. వెనుకనుండి గుంటూరు స్నేహితురాలు నా మోచేయి పట్టుకొని, ఏమియు ననక, నాతో గూడ నిలిచెను. ఊపిరి బిగబట్టుట యెంతసేపు? తుదకు పీల్చితిని. పులిసిన పిండివాసన, పండిన పండ్లవాసన, తడినేలవాసన. నలుబదియైదేండ్లుగా నేను భయపడుచున్న వాసన అక్కడ లేదు.

ఇంటిముందు చెట్టు క్రింద బల్ల వేసిరి. ఇంటి నాయనమ్మ, మా యమ్మ యీడుది, నల్లగౌను పైన వంటగుడ్డ కట్టుకొని వచ్చి కూర్చుండెను. ఆమె మాటలు అమ్మాయియు, ఆమె స్నేహితురాలును మాకు చెప్పుచుండిరి. గాజుపాత్రను కాడ పట్టుకొనవలయును, బొజ్జ పట్టుకొన్నచో చేతివేడి తగులును. తెల్లగుడ్డపై వంచి రంగు చూడవలయును. మెల్లగా త్రిప్పి వాసన చూడవలయును. పిదప ఒక గుక్క పుచ్చుకొని నోరంతయు త్రిప్పి, ఇష్టమైనచో మ్రింగవలయును, లేనిచో ఎదుటనున్న పాత్రలో ఉమియవలయును. ఈ కడపటి మాటకు మేము నలుగురమును ఒకరి మొగమొకరు చూచుకొంటిమి. అతిథులైనవారు భోజనపు బల్లపైననే యుమియుట! మన తాతల నాటి తమ్మపడిగ యైనను అరుగుమీద మూలకుండెడిది.

విశాఖ స్నేహితురాలు ముందుగా ధైర్యము చేసెను. పుచ్చుకొని, కనులు మూసి, “నేరేడుపండు తిన్నట్లు నాలుక పట్టుచున్నదే!” అనెను. నాయనమ్మ సంతోషించి, ఆ వగరు తొక్కలనుండియు గింజలనుండియు వచ్చుననియు, కొత్తవైనులో నదియెక్కువ యనియు చెప్పెను. రెండవది ‘రిసెర్వా’, రెండు సంవత్సరములకు తక్కువ కాకుండ నిలువచేసినది. దానిలో వగరు తగ్గి, ఎండబెట్టిన పండ్లవాసన వచ్చెనట. గుంటూరు స్నేహితురాలు క్రైస్తవురాలు. ‘ద్రాక్షారసము’ అను మాట ఆమెకు వేదగ్రంథమునుండి చిరపరిచితము. “మా దేవాలయములో నిచ్చునది ఇంత వగరు కాదు, ఉత్త పండ్లరసమే” అని ఆమె నవ్వెను. కారు తోలు అమ్మాయి వాసన మాత్రమే చూచెను. ఆ దేశమున వాహనము నడుపువారి లీటరు రక్తములో అరగ్రామునకు మించి మద్యసారముండరాదు. లైసెన్సు పుచ్చుకొని మూడేండ్లు నిండనివారికి అదియు కూడదు. “నాకు చిన్నమ్మ తోడు” అని ఆమె నా ప్రక్కకు జరిగెను. ఆ పిల్లకు తెలియకయే నన్ను కాపాడెను.

నా పాత్ర నిండుగా నుండుట చూచి ఆ యింటి పిల్ల నవ్వుచు, “ప్రాచీన రోములో మీరైనచో గొప్ప పతివ్రత యనిపించుకొందురు” అనెను. అక్కడ పూర్వము స్త్రీలు వైను త్రాగరాదట. మొదటి శతాబ్దివాడైన ప్లినీ ఆ సంగతులు వ్రాసియుంచినాడు. ఇంటి ఆడువారు త్రాగిరో లేదో తెలిసికొనుటకు దగ్గఱి బంధువులైన మగవారు వారిని ముద్దుపెట్టుకొని నోటి వాసన చూచెడివారట. తొట్టిలోని వైను త్రాగినదని భార్యను దుడ్డుకఱ్ఱతో కొట్టి చంపినవాని నొకని రోములసు రాజు నిర్దోషియని విడిచెనట. వైనుకొట్టు తాళపుచెవులున్న పెట్టె తెఱచినందుకు ఒక యిల్లాలిని ఆమె వారే తిండిపెట్టక చంపిరట. మగవాని నోరు వాసన చూచినవారెవరును లేరు కాబోలు! మా యింటిలోనైతే ఎవ్వరును వెదకనక్కఱలేకయే ఆ వాసన వచ్చెడిది.

ఈ కథ ముగియునప్పటికి నాయనమ్మ వంటగుడ్డ జేబులోనుండి అఱచేయంత పొడవున్న ఇనుప తాళపుచెవి నొకటి తీసి బల్లపై పెట్టెను. ఆమె కాపురమునకు వచ్చునప్పటికి ఆ భూమి వారిది కాదు. భూస్వామిది. పంటలో సగము దొరకు, సగము దున్నినవారికి. మన సంగోరు వంటిదే. వైనులోను సగమే. దొర పాలు పోగా మిగిలిన మంచివైను అప్పులకు పోయెడిదట. ఇంటివారు త్రాగినది, పిండివేసిన తొక్కలపై నీరుపోసి నానవేసి దించిన పలుచని నీళ్లు. “మన తరవాణివలె” అని వరంగల్లు స్నేహితురాలు నాకు చెప్పెను. 1964లో అట్టి కౌళ్లు కొత్తగా వ్రాయించుకొనరాదని చట్టము వచ్చెను. 1982 చట్టముతో మిగిలినవియు మామూలు కౌలుగా మాఱుటకు త్రోవ యేర్పడెను. ఈలోగా సగము పల్లెలు కార్మికులై పట్టణములకు పోయినవి. వీరు మాత్రము పట్టుకొని యుండి, మెల్లగా భూమి కొనుక్కొనిరి. కొనుటకు కొంత సొమ్ము నాయనమ్మ చేతిదే. కియాంతి వైనునకు పూర్వము బొజ్జచుట్టు గడ్డి యల్లిన ‘ఫియాస్కో’ యను బుడ్లు ప్రసిద్ధము. ఆ గడ్డి యల్లుట ఊరి ఆడువారి పని. ఇంటిలో కూర్చుండి బుడ్డికింత యని కూలి పుచ్చుకొనెడివారు. నాయనమ్మ చూపుడువ్రేలి ప్రక్కన గడ్డి కోసిన గీతలు నేటికిని కలవు. వరంగల్లు స్నేహితురాలు ఆ చేయి తనచేతిలోనికి తీసికొని, “మా వాడలో బీడీలు చుట్టెడివారి వ్రేళ్లిట్లే యుండును” అనెను.

అప్పుడు నేనడిగితిని. ఉదయమునుండి నోటిలో మెదలుచున్న ప్రశ్న. “ఇంత త్రాగు దేశములో త్రాగి యిల్లు గుల్లచేసినవారు లేరా?”

అమ్మాయి కొంచెము సంకోచించి దానిని వారి భాషలో నడిగెను. నాయనమ్మ నావైపే చూచుచు, “ఎందుకు లేరు? మా బావగారే” అనెను. బుడ్లల్లిన కూలి ఆయన రెండుమాఱులు ఎత్తుకొని పోయెనట. అత్తగారు పోయిన దినమున తాళపుచెవి తనచేతికి రాగా, నాటినుండి భోజనపువేళ బల్లపైకి ఎంత రావలయునో అంతే తెచ్చి, తలుపు తాళము వేసి, చెవి నడుమున పెట్టుకొనెడిదట. ఆయన తిట్టెను, ఒకమాఱు కొట్టెను. చెవి మాత్రమీయలేదు. తుదకు ఆయన ఊరిలోని కొట్టునకు పోయి త్రాగి, త్రాగియే పోయెను. ఇది చెప్పునప్పుడు ఆమె కంట నీరు లేదు. రొట్టె కోయుచునే చెప్పెను.

నేనును చెప్పితిని. జ్వరము కాదని చెప్పితిని. నా స్నేహితురాండ్రు మువ్వురును మాటలాడలేదు. విశాఖ స్నేహితురాలు తన పాత్రను మెల్లగా బల్ల చివఱకు జరపగా, నేను దానిని మరల ఆమె ముందే పెట్టితిని.

పిదప భోజనము. ఆ ప్రాంతపు రొట్టెలో ఉప్పు వేయరు. ఒట్టిది తినుట మనవంటి వారికి కష్టమే. వారు దానిపై ఆలివునూనె పోసికొని, గొఱ్ఱెపాల జున్నుతోను, ఉడికించిన తెల్ల చిక్కుడుగింజలతోను తిందురు. మేము గోంగూర సీసా మూత తీసితిమి. ఉప్పులేని రొట్టెకు గోంగూర పచ్చడి పుట్టినింటి సంబంధమువలె కుదిరెను! నాయనమ్మ ఒకమాఱు రుచి చూచి, దగ్గి, నీరు త్రాగి, మరల చేయి చాపెను.

చివఱకు చిన్న చిన్న గాజుపాత్రలలో తేనెవన్నె ద్రవ మొకటి వచ్చెను. దాని పేరు ‘విన్ సాంతో’, పవిత్రమైన వైనని యర్థము. తెల్లద్రాక్ష గుత్తులను చాపలపై పఱచియో, దూలములకు వ్రేలాడగట్టియో నెలలతరబడి వడలనిచ్చి, పిండి, ఆ కొద్దిపాటి రసమును చిన్నపీపాలలో పోసి, అటకపై మూడేండ్లకు తక్కువ కాకుండ నుంచుదురు. వేసవి యెండయు, శీతకాలపు చలియు దానికి తగులవలయును. బాదముపప్పు వేసి రెండుమాఱులు కాల్చిన గట్టి బిస్కత్తును దానిలో ముంచుకొని తినుట ఆచారము. నాయనమ్మ ఒక బిస్కత్తు ముంచి, ఎవరికిచ్చుచున్నానని చూడక, నా చేతిలో పెట్టెను. పెద్దామె పెట్టినది. ఏమి చేయుదును? దానిని పట్టుకొని యుండగా వాసన తగిలినది. మఱుక్షణమున నేను కియాంతిలో లేను. మా యమ్మగారింట పురిటిగదిలో నుంటిని.

1984లో నా మొదటి కాన్పునకు పుట్టింటికి పోతిని. నీరసమునకు వైద్యులుగారు ద్రాక్షాసవమిచ్చిరి. రెండుపూటల భోజనమైన పిదప అమ్మ చిన్న గిన్నెలో అది కొంచెము పోసి, అంతే నీరు కలిపి, దగ్గఱ కూర్చుండి త్రాగించెడిది. “మందు, వదలకుండ త్రాగుము” అనెడిది. అదే తీపి, అదే కారపు జీర.

నేనా మాట పైకనగానే గుంటూరు స్నేహితురాలు పకపక నవ్వెను. “ఏమే, అందులో నేమున్నదనుకొంటివి? ద్రాక్ష కషాయము, బెల్లము, ధాతకీపుష్పములు వేసి మూతకట్టి పులియబెట్టుదురు. మద్యసారము దానంతటదే పుట్టును. సీసాపై వ్రాసియే యుండును. నేనెన్నివేల సీసాలిచ్చితినో!” అనెను. నా యొట్టు నలుబదియేండ్ల క్రిందటనే, దానిని వేయించిన చేతితోనే పోయినదన్నమాట. నాకు నవ్వును వచ్చెను, ఏడుపును వచ్చెను. ఆ బిస్కత్తు తింటిని. ఒక్కటే.

బయలుదేరునప్పుడు నాయనమ్మ నా రెండు బుగ్గలకును తన బుగ్గలు తాకించెను. రోమువారి పరీక్ష జ్ఞాపకము వచ్చి అమ్మాయిలు నవ్విరి.

ఇక్కడ సాయంకాలము నాలుగున్నరయైనచో మనకు రాత్రి యెనిమిది. త్రోవలో కారు నిలిపించి, తమ్ముని యింటికి ఫోను చేసి అమ్మను పిలిపించితిని. అంతయు చెప్పితిని: తోట, తాళపుచెవి, బావగారు, బిస్కత్తు. చాలసేపు అవతల మాటలేదు. కోపించినదనుకొంటిని.

“చేదుగా నుండెనా?” అనెను.

“లేదమ్మా, తీయగా నున్నది. నీవు పురిటిలో పోసిన ద్రాక్షాసవమువలె.”

“మీ నాన్నది చేదు. గొంతు కాలును.”

“నీకెట్లు తెలియును?”

“నీ పరీక్ష డబ్బు పోయిన రాత్రి ఆయన నిద్రపోయిన పిదప లోటాలో అడుగున మిగిలినది నోట పోసికొంటిని. ఇంటిలోనిదంతయు దీనికే పోవుచున్నదే, ఇందులో నేమున్నదో చూతమనుకొంటిని. ఏమియు లేదు. తెల్లవార్లు పుక్కిలించితిని.”

నలుబదియైదేండ్లలో ఆ మాట ఆమె యెవ్వరికిని చెప్పలేదు. నేను మాటలాడలేకపోతిని. ఆమెయే మరల, “ఆ తాళపుచెవి యిప్పుడెవరి యొద్ద నుండునట?” అని యడిగెను.

“ఇంకను ఆమె యొద్దనే యున్నదమ్మా.”

“మంచిది. గోంగూర అందఱకును సరిపోయినదా? ఆ సీసా నాది. మూత బిగువైనది, ఇప్పుడట్టివి దొరకుటలేదు. మఱచిపోక తెమ్ము” అని ఫోను కోడలికిచ్చివేసెను.

ఆ సీసాను నేనప్పటికే నాయనమ్మకు ఇచ్చివచ్చియుంటిని.